మావారికో రంపం మిషను

వంటలూ, ముగ్గులూ, ఊరగాయలూ ఉండే పేజీల్లో చెట్లు కోసే మిషను గోల ఏమిటా అని విస్తుపోతున్నారా? నిజమే మరి. మూడేళ్ల క్రితం ఎవరైనా నాతో ఈ మాట అంటే నేనూ అలాగే మూతి విరిచేదాన్ని. కానీ మొన్న మా పాతికేళ్ల పెళ్లిరోజుకి మావారికి నేను కొనిచ్చిన బహుమతి ఏమిటో తెలుసా? పట్టుపంచె కాదు, చేతి గడియారం కాదు. చెయిన్ సా. మా ఊళ్లో దాన్ని రంపం మిషను అంటారు. నేనే వెతికి, నేనే బేరమాడి, పాల డబ్బుల్లోంచి దాచుకున్న సొమ్ము పెట్టి కొన్నాను. తోటలూ దొడ్లూ ఉన్న ఇళ్లల్లో ఇప్పుడు ఈ వస్తువు గొడ్డలి పక్కన చేరిపోతోంది. మీ ఇంటికీ రావచ్చు. వచ్చేముందు నాలుగు సంగతులు మనకి తెలిసి ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

అసలు కథ

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస - ఇవే మా బతుకుదెరువు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి మా పలాస పక్కనే తీరం దాటింది. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. మా అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో నాటిన కొబ్బరిచెట్లు తలలు తెగి పడున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. కరెంటు లేదు, దారి లేదు. అడ్డంగా పడ్డ చెట్లు తీస్తేగానీ పశువుల శాలలోకి వెళ్లలేని పరిస్థితి.

కోతవాళ్లు దొరకలేదు. దొరికినవాళ్లకి పది ఊళ్ల పిలుపులు. మావారు ఆగలేక వాళ్ల పెదనాన్న కొడుకు దగ్గర పెద్ద మిషను ఎరువు తెచ్చారు. 22 అంగుళాల బ్లేడు. ఎవరూ నేర్పలేదు. లుంగీ, చెప్పులు, తలకి తువ్వాలు. పడిపోయిన పనస మాను కోస్తుంటే బ్లేడు చివర వెనకాల ఉన్న ఇంకో దుంగకి తగిలింది. అంతే! మిషను ఒక్కసారిగా పైకి లేచి ఆయన మీదికే వచ్చింది. ఎడమ భుజం దగ్గర చొక్కా చిరిగి, చర్మం చీరుకుపోయింది. తొమ్మిది కుట్లు. జానెడు ఇటు వచ్చి ఉంటే మెడ. ఆ జానెడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మిషను మాట ఎత్తకూడదని శాసనం చేశాను. ఆయనా సరే అన్నారు. కొన్నేళ్లు గొడ్డలితోనే నెట్టుకొచ్చారు. వయసు యాభై దాటింది, నడుము పట్టేస్తోంది. కూలీలు రావడం లేదు. ఎండు కొమ్మలు శాల మీదికి వాలుతున్నాయి.

రెండేళ్ల క్రితం ఓ రోజు బట్టలు నానబెడుతూ మావారి చొక్కా జేబు తిరగేశాను. గుప్పెడు రంపపు పొట్టు రాలింది. తోటకి నీళ్లు చూడ్డానికని వెళ్లిన మనిషి జేబులో పొట్టు ఎలా వచ్చింది? నిలదీస్తే తల దించుకున్నారు. "నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదే. ఆ కొమ్మ విరిగితే శాల పోతుంది, దూడ పోతుంది. ఏటి చెయ్యమంటావు?" అన్నారు. అదే ఎరువు మిషను, అదే లుంగీ. ఈసారి పక్కన మనిషి కూడా లేడు. ఏదైనా జరిగితే కేకేసినా వినే దిక్కు లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వద్దన్న నా మాటవల్ల ఆయన పని మానలేదు, చాటుగా చేస్తున్నారు. చాటుగా చేసే పనిలోనే ప్రమాదం ఎక్కువ. తెల్లారేసరికి ఓ నిశ్చయానికి వచ్చాను. ఎటూ చేసే పనైతే సరైన మిషనుతో, సరైన పద్ధతిలో, నా కళ్లముందు చెయ్యాలి. అలా మొదలైంది నా వెతుకులాట.

మిక్సీ కొన్నట్టే

ఇంటర్ చదివిన నాకు ఇంజన్ల గురించి ఏం తెలుసు అనుకున్నాను మొదట. తరవాత ఆలోచిస్తే మనం మిక్సీ కొనేటప్పుడు ఏం చూస్తామో ఇక్కడా అవే చూడాలని తెలిసింది. మనింటి పనికి ఎంత బలం కావాలి, చేతికి ఒదుగుతుందా, పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లో ఉన్నాడా. ఇవే.

పట్నంలో కొట్టుకి మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. కొట్టాయన నా వంక చూడకుండా మా వాడితోనే మాట్లాడుతున్నాడు. "నాన్నగారిని పంపించండి బాబూ, ఇది మగాళ్ల వస్తువు కదా" అన్నాడు. "కుట్లు పడ్డప్పుడు ఆస్పత్రిలో కూర్చున్నది నేనే బాబూ, నాకే చెప్పండి" అన్నాను. అప్పుడు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మనిషి మంచివాడే, ఓపిగ్గా అన్నీ చూపించాడు.

ఈ మిషన్లు మూడు రకాలు.

మొదటిది పెట్రోలుది. కరెంటుతో పనిలేదు, తోటలో ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు, బలం ఎక్కువ. కానీ బరువు, మోత, పొగ. తాడు లాగి స్టార్టు చెయ్యాలి.

రెండోది కరెంటు తీగతో నడిచేది. ధర తక్కువ, బరువు తక్కువ, స్విచ్చి నొక్కితే చాలు. ఇంటి పెరట్లో పనికి బాగుంటుంది. తీగ ఎంతవరకు వస్తే అంతవరకే. వాన తడిలో అసలు ముట్టకూడదు. కోసేటప్పుడు తీగ ఎప్పుడూ వెనకవైపే, బ్లేడుకి దూరంగా ఉండాలి.

మూడోది బ్యాటరీది. చార్జింగు పెట్టుకోవడం, కోసుకోవడం. మోత తక్కువ, తాడు లాగే బాధ లేదు. కొమ్మలు కత్తిరించుకోవడానికి, అడపాదడపా పనికి కొత్తవాళ్లకి చాలా వీలు. కాకపోతే బ్యాటరీ అయిపోతే పని ఆగిపోతుంది, రెండో బ్యాటరీ కొనాలంటే దాని ఖరీదే బోలెడు.

ఈ మధ్య ఫోన్లలో జానెడు బ్లేడుతో బుల్లి మిషన్లు చూపిస్తున్నారు, ఒక్క చేత్తో పట్టుకుని కోసేస్తూ. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి. రెండో చెయ్యి కొమ్మని పట్టుకుంటుంది కదా, ప్రమాదమంతా ఆ చేతికే. చిన్నదని చులకన చెయ్యకండి.

బలం చూసి మురిసిపోవద్దు

కొట్లో వరసగా పెట్టిన వాటిలో 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బ్లేడు ఉన్నవే తక్కువ ధరకి కనబడ్డాయి. "పెద్దదే చవగ్గా వస్తుంటే చిన్నదెందుకమ్మా?" అని మా వాడు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పండక్కి వంద గారెలు వేస్తామని రోజూ ఆ మూకుడులోనే తాలింపు పెట్టుకుంటామా?

కొత్తవాళ్లకి 14 నుంచి 16 అంగుళాల బ్లేడు చాలు. పెట్రోలుదైతే 30 నుంచి 40 సీసీ ఇంజను సరిపోతుంది. మనం మామూలుగా కోసే దుంగ మందంకంటే బ్లేడు ఓ రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలునని లెక్క. బ్లేడు పొడుగైనకొద్దీ చివర ఎక్కడ తగులుతుందో మనకి తెలీదు. మావారి భుజం కుట్లకి కారణం అదే.

బరువు సంగతీ చూడండి. చిన్న పెట్రోలు మిషను బ్లేడు, ఆయిలు కాక దాదాపు 4 కిలోలు ఉంటుంది. అన్నీ కలిపితే 5 కిలోల పైమాటే. మీవారి చేతికి 5 కిలోల బియ్యం సంచీ ఇచ్చి, చేతులు కాస్త ముందుకి చాపి పావుగంట నిలబడమనండి. చేతులు వణికితే అంతకంటే బరువైన మిషను ఆయనకి వద్దన్నమాటే. అలిసిన చెయ్యి మాట వినదు. మావారిని నేను వంటింట్లో నిలబెట్టి ఈ పరీక్ష పెట్టాను. పన్నెండు నిమిషాలకి "ఏటే ఈ శిక్ష!" అని సంచీ దించేశారు.

ధర ఒక్కో చోట ఒక్కో విధం. అయిదారు వేలకీ దొరుకుతున్నాయి, 30 వేలు దాటినవీ ఉన్నాయి. అన్నిటికంటే చవకది, అన్నిటికంటే పెద్దది - ఈ రెండూ వదిలేసి మధ్యలో చూసుకోండి. విడిభాగాలు, రిపేరు మన దగ్గర్లో దొరుకుతాయా అన్నది ముందే అడగండి. చెయిన్ తెగితే పైనుంచి తెప్పించాలంటే మిషను అటకెక్కినట్టే.

ఇవి లేకపోతే కొనకండి

మిషను ఎదురు తన్నడం గురించి ముందు చెప్పాలి. బ్లేడు ముక్కు ఉంది చూశారూ, దాని పై భాగం ఏ చెక్కకైనా తగిలిందంటే తిరుగుతున్న చెయిన్ దాన్ని కరుచుకుని బ్లేడుని పైకీ, వెనక్కీ విసురుతుంది. రెప్పపాటు కూడా పట్టదు. చేతి బలంతో ఆపేది కాదు. అందుకని చూడవలసినవి:

చెయిన్ బ్రేకు. ముందు పిడికి ఎదురుగా అడ్డంగా ఓ ప్లాస్టిక్ కవచం ఉంటుంది. మిషను ఎగిరినప్పుడు చేతి మణికట్టు దానికి తగిలీ, ఆ ఊపుకీ చెయిన్ ఆగిపోతుంది. కొట్లోనే వేసి, తీసి చూపించమనండి.

మీట తాళం. వెనక పిడి మీద ఓ బొత్తాం నొక్కితేగానీ కింద మీట కదలకూడదు. పొరబాటున వేలు తగిలినా తిరగదన్నమాట.

ఎదురు తన్ను తక్కువుండే చెయిన్. కొత్తవాళ్లకోసం ఇలాంటి చెయిన్లు వేరే ఉంటాయి. అడిగి తీసుకోండి.

తెగిన చెయిన్ పట్టుకునే కొక్కెం. చెయిన్ తెగి వెనక్కి కొట్టకుండా కింద చిన్న కొక్కెం ఉంటుంది. వెనక పిడి కిందిభాగం వెడల్పుగా ఉండడం కూడా కుడిచేతిని కాపాడ్డానికే.

అదురు తగ్గించే ఏర్పాటు. పిళ్లకీ ఇంజనుకీ మధ్య స్ప్రింగులో రబ్బర్లో ఉండాలి. లేకపోతే గంటల తరబడి పని చేసేవాళ్లకి వేళ్లు తిమ్మిరెక్కి, రక్తం ఆడక తెల్లబడిపోయే జబ్బు వస్తుంది.

చీరతోపాటు జాకెట్టు

మిషను ఒక్కటీ కొని వచ్చేస్తే చీర కొని జాకెట్టు గుడ్డ మరిచినట్టే. మిషను కోసం దాచిన డబ్బులో కొంత ఒంటి మీది రక్షణకి తీసి పెట్టుకోండి. ముందుకి జాలీ ఉన్న హెల్మెట్టు, కళ్లద్దాలు, చెవులకి మూతలు, చేతి తొడుగులు, గట్టి బూట్లు. పెట్రోలు మిషను మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవులు మూసుకోకపోతే చెవుడు ఖాయం.

వీటన్నిటికంటే ముఖ్యం కాళ్లకి కట్టుకునే కవచం. లోపల పొడుగాటి నారపోగులు పొరలు పొరలుగా ఉంటాయి. చెయిన్ తగలగానే ఆ పోగులు బయటికొచ్చి చెయిన్ చుట్టూ చుట్టుకుపోయి మిషనుని ఆపేస్తాయి. కుట్టు మిషన్లో దారం చిక్కుపడితే చక్రం ఆగిపోదూ, అలాగ! దాన్ని కట్టుకుని మావారు మొదటి రోజు వాకిట్లోకొస్తే మా అత్తగారు, "ఏట్రా, భూతాన్ని పట్టే వేషమా?" అని పకపకా నవ్వారు. నవ్వితే నవ్వారు. లుంగీ మాత్రం మా తోటలో ఆ పనికి నిషేధం.

వాడకంలో చిట్కాలు

మన బజాజ్ చేతక్, లూనా రోజులు గుర్తున్నాయా? పెట్రోల్లో ఆయిలు కలిపేవారు. టూ స్ట్రోకు రంపం మిషనుకీ అంతే. కొన్నిటికి 50కి 1 పాలు, అంటే లీటరుకి 20 మి.లీ. ఆయిలు. కొన్నిటికి 25కి 1 పాలు, అంటే 40 మి.లీ. మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఎంతుంటే అంతే, చేతి లెక్క పనికిరాదు. దగ్గు మందు కొలిచే మూత ఒకటి దీనికే వేరుగా పెట్టేశాను. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటోంది, కలిపినది నెలల తరబడి నిలవ ఉంచకండి. పని అయ్యాక చాలా రోజులు వాడమనుకుంటే టాంకీ ఖాళీ చేసి పెట్టండి.

చెయిన్‌కి వేరే ఆయిలు, వేరే టాంకీ. అది బ్యాటరీ మిషన్లకీ ఉంటుంది. బండిలోంచి తీసిన నల్లటి పాత ఆయిలు పొయ్యకండి. ఆయిలు అందుతోందో లేదో తెలియాలంటే పాత కాగితం నేల మీద పరిచి, బ్లేడు చివర తగలకుండా కాస్త పైన పట్టుకుని మిషను తిప్పాలి. కాగితం మీద సన్నటి నూనె గీత పడితే అందుతున్నట్టు.

చెయిన్ బిగువు జాకెట్టు హుక్కులాంటిది. మరీ బిగువైతే ఊపిరాడదు, వదులైతే జారిపోతుంది. బ్లేడు అడుగున అంటుకుని ఉండాలి, మిషను ఆపి తొడుగు వేసుకున్న చేత్తో లాగితే హాయిగా కదలాలి. వేడికి సాగుతుంది కనక మధ్యమధ్య చూసుకోవాలి. పని అయ్యాక కాస్త వదులు చెయ్యాలి.

పదునుందో లేదో పొట్టే చెబుతుంది. కోరిన కొబ్బరిలా పలుకులు పలుకులుగా రాలితే పదునున్నట్టు. జల్లించిన పిండిలా మెత్తగా రాలితే మొద్దుబారినట్టు. మొద్దు కత్తిపీటతోనే వేలు తెగుతుందని మనకి తెలీనిదా? బలంగా నొక్కుతాం కనక. ఇదీ అంతే. గుండ్రటి ఆకురాయి చెయిన్ సైజుకి తగ్గది తీసుకోవాలి, కొట్టాయన్నే అడిగి. కొబ్బరి మాను కోస్తే పదును తొందరగా పోతుంది, ఆకురాయి జేబులోనే ఉండాలి.

నా షరతులు

మిషను చేతికిచ్చే ముందు పెళ్లినాటి ప్రమాణాల్లా మావారి చేత ఒప్పించిన షరతులు ఇవి. కత్తిరించి గోడకి అంటించుకున్నా పరవాలేదు.

1. ఒంటరిగా కొయ్యకూడదు. నేనో, మరిదో కేక వినబడేంత దూరంలో ఉండాలి. నా మెడలో ఈల ఉంటుంది.

2. రెండు చేతులూ మిషను మీదే. భుజం ఎత్తు దాటి కొయ్యకూడదు. నిచ్చెనెక్కి, చెట్టెక్కి అసలు వద్దు.

3. స్టార్టు చేసేటప్పుడు మిషను నేల మీద పెట్టి, వెనక పిడిలో పాదం ఆనించి, బ్రేకు వేసి తాడు లాగాలి. గాల్లో వేలాడదీసి లాగడం గొప్ప కాదు.

4. నాలుగు అడుగులు నడవాలన్నా బ్రేకు. అంతకంటే దూరమైతే ఆపెయ్యాలి. చెయిన్ ముట్టుకునే ముందు పెట్రోలుదైతే ఆపాలి, బ్యాటరీదైతే బ్యాటరీ ఊడదీయాలి.

5. నిలబడ్డ చెట్టు కూల్చడం తెలిసినవాళ్ల పని. కరెంటు తీగలకి దగ్గరగా ఉంటే ముందు కరెంటువాళ్లకి కబురు.

6. తుపానుకి వంగిపోయి, ఒకదాని మీద ఒకటి పడ్డ చెట్లు ముట్టకూడదు. అవి వంచిన విల్లులాంటివి. ఎక్కడ కోస్తే ఎటు తన్నుతాయో కొత్తవాళ్లకి అందదు. వేళ్లతో లేచిన మాను కోసేస్తే ఆ వేళ్ల గడ్డ తిరిగి గోతిలోకి పడిపోతుంది, పక్కనున్న మనిషితో సహా.

7. అలిసినప్పుడు, కోపంగా ఉన్నప్పుడు, కల్లు తాగినప్పుడు మిషను బయటికి రాదు. పిల్లలకి అందని చోట తాళం.

ఇంకో మాట. సొంత స్థలంలో చెట్టైనా సరే కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి అవసరం. కొన్ని రకాల చెట్లకి మినహాయింపు ఉంది. ముందు అటవీశాఖ వాళ్లని కనుక్కోండి.

జాగ్రత్తపడినా గాయమైతే కంగారు పడకండి. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి, వదలకండి. 108కి ఫోను చెయ్యండి. పసుపు, కాఫీ పొడి పొయ్యడం లాంటివి వద్దు.

మరి కొన్నదేమిటి?

మాది తోట, కరెంటు అందని దూరం. అందుకని 14 అంగుళాల బ్లేడుతో చిన్న పెట్రోలు మిషను తీసుకున్నాను. మా ఆడపడుచుకి విశాఖలో పెరడు, మామిడిచెట్టూ మునగచెట్టూ ఉన్నాయి. వాళ్లకి బ్యాటరీది చాలునని నేనే చెప్పాను. ఎవరింటి పనిని బట్టి వాళ్లు.

పెళ్లిరోజు పొద్దున్న అట్టపెట్టె ముందు పెడితే మావారు చాలాసేపు మాట్లాడలేదు. చెయ్యి భుజం మీది పాత మచ్చ మీదికి వెళ్లింది. "నువ్వే వద్దన్నావు కదే" అన్నారు. "వద్దన్నది మిషనుని కాదు, దాపరికాన్ని" అన్నాను. కొట్టాయన పంపిన కుర్రాడు రెండు రోజులు మా తోటలో ఉండి ఆయనకి పని నేర్పాడు. మొదటి రోజంతా నేల మీది సన్న దుంగలే కోయించాడు. నేనూ పక్కన నిలబడి నేర్చుకున్నాను. స్టార్టు చెయ్యడం, ఆపడం, బ్రేకు వెయ్యడం నాకూ వచ్చు. మనకి తెలియని వస్తువుని చూసి భయపడతాం, తెలిశాక జాగ్రత్తపడతాం.

శాల మీది ఎండు కొమ్మ ఎత్తులో ఉంది కనక దాన్ని కోతవాళ్ల చేతే దింపించాం. కింద పడ్డాక ముక్కలు చేసింది మాత్రం మావారే. మధ్యలో ఓసారి తొందరపడి చెవిమూతలు మరిచి మిషను ఎత్తబోతే ఈల ఊదాను. గొణుక్కుంటూ వచ్చి పెట్టుకున్నారు.

ఇప్పుడూ బట్టలు నానబెట్టేటప్పుడు ఆయన చొక్కా జేబులో రంపపు పొట్టు ఉంటూనే ఉంది. తీసి శాలలో పశువుల కిందికి వేస్తున్నాను. తడి పీలుస్తుంది, దూడకి మెత్తగా ఉంటుంది.